పావు చుట్టు

“అది నా కాళ్ళ బేసిన్, ఒస్వాల్దో. పొద్దుటి నుంచి అదే చెబుతున్నా,” అంది మిర్తా. ఉడికిన బంగాళాదుంపలకు తొక్క తీస్తోంది. వేడికి వేళ్ళ కొసలు చురచురలాడుతున్నాయి.

“కాళ్ళు పెట్టుకునేది సాయంత్రం కదా. ఇది పదకొండింటికల్లా ఖాళీ అవుతుంది.”

“అయ్యాక ఆ నూనె కంపులో పెట్టుకోమంటావు.”

“సబ్బేసి కడుగుతాను.”

“కిందటి ఏడు నా కేకు ట్రే కూడా సబ్బేసే కడిగావు. ఆ తర్వాత రెండు నెలలు మీ అక్క నా కేకు తిన్నప్పుడల్లా లారీ ఎక్కినట్టుందని అంది.”

“అంది గానీ, తినడం మానిందా?”

ఒస్వాల్దో గడప దగ్గరే నిలబడి ఉన్నాడు, లోపలికి రాకుండా, బయటికి పోకుండా. నీలం బేసిన్ అప్పటికే అతని చంకలో ఉంది. అడగడం మర్యాద కోసం.

కారు ఆయిల్ పట్టే పాత తొట్టి జూలై చలికాలపు మంచుకి నిలువునా చీలిపోయింది. ఇంకోటి కొనమని మిర్తా మూడు నెలలుగా గుర్తు చేస్తూనే ఉంది. అక్టోబరు చివరికొచ్చింది, కొనలేదు. ఇది మాత్రం ఇచ్చే ఉద్దేశం ఆమెకు లేదు. ఆ ఇంట్లో ఫలానాది మిర్తాదే అని చెప్పగలిగే వస్తువులు తక్కువ. ఊరి బడిలో నూట నలభై మంది పిల్లలకు వంట చేస్తుంది. శుక్రవారం వచ్చేసరికి చీలమండలు చెప్పుల పట్టీల మీదికి పొంగుతాయి. రోజూ సాయంత్రం గోరువెచ్చటి నీళ్ళలో గుప్పెడు రాళ్ళ ఉప్పు వేసి, ఆ బేసిన్‌లో కాళ్ళు పెట్టుకుని అరగంట కూర్చుంటుంది. ఆ అరగంటా ఆమెను ఎవరూ ఏమీ అడగరు.

“షాపుకి తీసుకెళ్తే నీకు తొట్టీ అక్కర్లేదు, నాకు గొడవా ఉండదు,” అంది.

“ఆదివారం షాపెక్కడుంది?”

“నిన్న శనివారం ఉంది.”

“షాపువాడు పావుగంటలో పంపించేస్తాడు మిర్తా. పావుగంటలో ఏం దిగుతుంది? పైన తేలేది దిగుతుంది. మడ్డంతా చాంబర్లోనే ఉంటుంది. ఆ మడ్డి మీద కొత్త నూనె పోసి, అద్దానికో చీటీ అంటించి పొమ్మంటాడు.”

ఈ మాటలు ఆమెకు కంఠతా వచ్చు. ఒస్వాల్దో లెక్కలో ఆయిల్ దిగడానికి పట్టే సమయం ఒక ఫ్లాస్కు మాతే టీ తాగినంత సేపు. బండిని వీధి చివరిదాకా తిప్పి వేడి చేస్తాడు. పాత రైలు పట్టాల దుంగలతో తానే చేసుకున్న దిమ్మెల మీదికి ఎక్కిస్తాడు. కిందికి దూరి అడుగు బోల్టు విప్పి, ఇవతలికి వచ్చి పీట వేసుకుని కూర్చుంటాడు. సొరబుర్రలో మాతే ఆకు, ఆకులో పీల్చే గొట్టం, పక్కన వేడినీళ్ళ ఫ్లాస్కు. ఫ్లాస్కులో చివరి నీళ్ళు అయిపోయేసరికి చాంబరు నుంచి చివరి చుక్క దిగాలి. ముప్పై ఏళ్ళుగా ఆ తెల్ల రెనో కారుకి అదే మర్యాద.

“తీసుకుపో,” అంది చివరికి. “భోజనం వేళకి కడిగి, బాత్రూంలో దాని చోట దాన్ని పెట్టాలి. నేను అడగకుండా.”

“అడగకుండానే.”

బేసిన్‌ని ఇటు చంక నుంచి అటు చంకకు మార్చుకోబోతే జారి కింద పడింది. పెద్ద చప్పుడేం కాలేదు, ప్లాస్టిక్కే. ఒస్వాల్దో వంగి రెండు చేతులతో తీసుకున్నాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు కోళ్ళ ఫ్యాక్టరీలో కోత వరుసలో నిలబడ్డ చేతులు అవి. మణికట్లకు రెండు ఆపరేషన్లయ్యాయి. ఇప్పుడు కుడి చేతి మూడు వేళ్ళ కొసలకు స్పర్శ లేదు. గుండీల చొక్కాలు బీరువాలో ఉండిపోయాయి, మెడ మీంచి తొడుక్కునే బనియన్లే వేస్తున్నాడు. అడిగితే “గుండీలంటే చిరాకొచ్చింది” అంటాడు.

మిర్తా అడగదు. రెండేళ్ళ కిందట, ఆయిల్ మార్చిన మర్నాడు షెడ్డు ఊడుస్తుంటే, బండి కింద నాణెమంత నల్లటి మచ్చ కనిపించింది. వంగి చూస్తే అడుగు బోల్టు నుంచి బొట్టు బొట్టుగా కారుతోంది. ఒస్వాల్దో నిద్రపోతున్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊరు ఊరంతా నిద్రపోయే వేళ. మేకుకు వేలాడుతున్న చదరపు పానా తీసుకుని, అట్టముక్క మీద పడుకుని, బోల్టును పావు చుట్టు బిగించింది. అంతే, కారడం ఆగిపోయింది. లేచి మోకాళ్ళు దులుపుకుని పానాని మళ్ళీ మేకుకే తగిలించింది.

అప్పటి నుంచి ఆయిల్ మార్చిన ప్రతిసారీ, మూడు నెలలకోసారి, అతను నిద్రపోయాక ఆమె షెడ్డులోకి వెళ్ళి ఆ పావు చుట్టు తిప్పి వస్తోంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన మాట ఏమిటో ఆమెకు తెలియలేదు. అలా వెళ్ళిన రోజున ఆమెకు నడుం వాల్చే గంట ఉండదు.

ఇవాళ నిద్ర వేళ దాకా ఆగడానికి లేదు. ఆ బండి నడిపేది కూతురు నోయెలియా. వారంలో మూడు పల్లె బడులు తిరిగే టీచరు. ఆదివారం వెళ్తే శుక్రవారం వస్తుంది. చివరి పద్దెనిమిది కిలోమీటర్లు మట్టి రోడ్డు. ఫోను పలకదు, మనిషి కనపడడు. దక్షిణం నుంచి మబ్బు పడుతోందని, వాన పడి రోడ్డు బురదయ్యేలోపు భోజనం చేసి వెంటనే బయల్దేరతానంది. అంటే ఆ పావు చుట్టు భోజనం లోపే తిప్పాలి.

ఇరవై తొమ్మిదో తారీకు కావడంతో అందరూ భోజనానికి వస్తున్నారు. నెలనెలా ఆ తారీకున బంగాళాదుంప పిండి ముద్దలు, న్యోకీలు వండాలి, డబ్బు కలిసి రావాలని పళ్ళెం కింద నోటు పెట్టుకుని తినాలి. ముప్పైన జీతాలొచ్చే ఇళ్ళలో ఇరవై తొమ్మిదిన దుంపలూ పిండీ తప్ప ఏముంటాయి. ఇప్పుడు జీతం ఏ తారీకునొచ్చినా, న్యోకీలు మాత్రం ఇరవై తొమ్మిదినే.

మొదట వచ్చింది ఎల్విరా. ఒస్వాల్దో అక్క, పక్కిల్లే, పెరటి తలుపు తోసుకుని తన ఫోర్కు తానే తెచ్చుకుంటుంది. కూర్చుని, మిర్తా కోసి పెట్టిన పిండి ముక్కల్ని ఒక్కొక్కటే ఫోర్కు వీపు మీద దొర్లించి గీతలు పడేలా చేస్తోంది.

“మా వాడు బేసిన్ ముందు కాళ్ళు చాపి కూర్చున్నాడు, రాజుగారిలా,” అంది. “అది నీ కాళ్ళది కదే?”

“నాదే వదినా.”

“ఇచ్చావా?”

“తీసుకున్నాడు.”

“మా నాన్నా అంతే. మా అమ్మ దగ్గర తీసుకోవడమే గానీ అడగడం తెలియదు.” ఇంకో న్యోకీ దొర్లించింది. “చేతులు పోయాయి పోయాయి అంటారు గానీ, వాడి బిగింపు చూశావా. బోల్టు విప్పడానికి రెండు చేతులూ పెట్టాల్సొస్తోందట. పోయినసారి నాతో చెప్పి తెగ మురిసిపోయాడు.”

మిర్తా తల ఎత్తలేదు. కత్తికి పిండి అంటుకుంటోందని తుడుచుకుంది.

షెడ్డు వైపు నుంచి కొడుకు గొంతు వినిపించింది. ఫాబియాన్ ఎప్పుడొచ్చాడో, సోడా సీసాలు పట్టుకుని ద్వారంలో నిలబడి తండ్రిని ఆటపట్టిస్తున్నాడు.

“నాన్నా, ఇంకా చుక్కలు లెక్కపెడుతూనే ఉన్నావా? ఈలోపు నేను వెళ్ళి కొత్త బండి కొనుక్కొస్తా.”

“నీ మోటారు సైకిలు చైనుకి నూనె వేసి ఎన్నాళ్ళయింది?”

“అది పిలిచినప్పుడు వేస్తా.”

“పిలుస్తోంది. నువ్వు వీధి మలుపులో ఉండగానే నాకు వినిపించింది.”

నోయెలియా వంటింట్లోకి వచ్చి తల్లి వీపు మీద గడ్డం ఆనించి ఒక్క క్షణం నిలబడింది. తర్వాత గొంతు తగ్గించింది.

“అమ్మా, వచ్చేసారి నేనే షాపుకి తీసుకెళ్తా. మాట్లాడాను కూడా. నాన్నకి చెప్పొద్దు. ఆయిల్ మార్చిన చీటీ అద్దానికి అంటించొద్దన్నాను.”

“తెలియకుండా ఉంటుందా?”

“పోయినవారం నాన్న చేతిలోంచి గ్లాసు జారడం చూశా. చేతిలో గ్లాసు లేదని కూడా తెలియలేదు నాన్నకి. అటు చూస్తూ మాట్లాడుతూనే ఉన్నాడు. నేను ఆ మట్టి రోడ్డు మీద ఒక్కదాన్నే వెళ్ళాలి.”

“బండికేం కాదు. నేను చెబుతున్నాగా.”

“నీకెలా తెలుసు?”

“తెలుసు. ఉప్పు ఇలా అందుకో.”

ఎల్విరా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఏమీ అడగకుండా మళ్ళీ ఫోర్కు అందుకుంది. ఆమె ఏమీ అడగకపోవడం మిర్తాకు నచ్చలేదు.

పదకొండున్నరకు షెడ్డులో ఇంజను మోత వినిపించింది. ఒక నిమిషం. స్టీరింగు ముందు ఆయిల్ లైటు ఆరిందని చూసుకుని ఆపేస్తాడు. తర్వాత స్నానాల గది తలుపు, నీళ్ళ చప్పుడు. ఆయిల్ మార్చిన రోజున ఒస్వాల్దో తలంటుకుని, గడ్డం గీసుకుని, పాపిడి తీసుకుని గానీ బల్ల దగ్గరికి రాడు. అంటే ఇరవై నిమిషాలు. మిర్తా సాసు మంట తగ్గించి, “బేసిన్ తెచ్చుకుని వస్తా,” అంది ఎవరితోనూ కాకుండా.

షెడ్డులో చల్లగా ఉంది. బండి ఇంకా దిమ్మెల మీదే ఉంది. పానాని మేకు నుంచి తీసి, అట్ట మీద కూర్చుని, ఒక చేత్తో బంపరు పట్టుకుని వెనక్కి వాలింది. మోకాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి పలికాయి. ఇంజను వేడి మొహానికి తగిలింది. బోల్టు తడుముకుని, పానా పెట్టి, పావు చుట్టు తిప్పింది. ఇవాళ పావు కంటే ఎక్కువే తిరిగింది.

లేవబోతుంటే మోచేయి జారింది. అట్ట తడిగా ఉంది. పాత నూనె ఒలికి ఉంటుందని చెయ్యి ఎత్తి వెలుగులో చూసుకుంది. పాత నూనె తారులా ఉంటుంది. ఇది ఇంకా తేనె రంగు పూర్తిగా పోని నూనె. కొత్తది. ఒక్క నిమిషం ఇంజను తిరిగినందుకే అరచేయంత మడుగు. పైకి చూస్తే, ఒస్వాల్దో ఇందాక మార్చిన ఆయిల్ ఫిల్టరు అంచు నుంచి సన్నటి ధార, దారప్పోగులా.

మిర్తా కదలకుండా అలాగే పడుకుంది. తర్వాత పక్కకు చెయ్యి చాపి బేసిన్ దగ్గరికి లాక్కుంది. నల్లటి నూనెలో పాత ఫిల్టరు మూతి కిందికి పెట్టి బోర్లించి ఉంది, కారిపోవడానికి. దాన్ని ఎత్తి మూతి చూసింది. గాడి ఖాళీగా ఉంది. రబ్బరు వాషరు లేదు.

ఇది ఆమెకు నేర్పింది ఒస్వాల్దోనే. పెళ్ళైన కొత్తలో, ఆమెకు ఆ పని రాకపోయినా పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. పాత ఫిల్టరు రాగానే ముందు దాని మూతి చూడాలి మిర్తా, వాషరు వెంట తెచ్చుకుందా లేదా అని. తేలేదంటే ఇంజనుకే అతుక్కుని ఉందన్నమాట. దాని మీద కొత్తది బిగిస్తే వాషరు మీద వాషరు పడుతుంది. కాసేపు బానే ఉంటుంది. రోడ్డు మీద వేగం అందుకున్నాక పక్కకు జారి, నూనెంతా ఐదు నిమిషాల్లో కక్కేస్తుంది. అప్పుడామె నవ్వి, ఈ ముసలమ్మ ముచ్చట్లు నాకెందుకు అంది.

రెండేళ్ళుగా ఆమె బోల్టు ఒక్కటే చూసింది. ఇంకేదీ చూడలేదు. “బండికేం కాదు, నేను చెబుతున్నాగా” అని ఇందాకే కూతురితో అంది.

సందులోకి చెయ్యి దూర్చి కొత్త ఫిల్టరును రెండు చేతులతో పట్టి తిప్పింది. వేళ్ళకున్న పిండి నూనెతో కలిసి జిగురైంది. నాలుగోసారికి కదిలింది. అరలీటరు నూనె మోచేతుల దాకా కారింది. ఫిల్టరు దిగాక, ఇంజను మీద గుండ్రటి ముఖాన్ని చూపుడు వేలితో తడిమింది. అంచున మెత్తగా, ఉబ్బుగా తగిలింది. గోరు పెట్టి లేపితే మొండిగా ఊడి వచ్చింది, నల్లటి ఉంగరం.

అప్పుడు దిమ్మె పక్కన రెండు కాళ్ళు కనిపించాయి. స్నానం చేసిన కాళ్ళు, ఆదివారం చెప్పులు, వాటి పక్కనే ఆమె వదిలేసిన పానా. ఎప్పటి నుంచి ఉన్నాయో.

“ఎన్నాళ్ళ నుంచి?” అన్నాడు ఒస్వాల్దో.

“ఇవాళే. ఇది ఇవాళే చూశా.”

“ఇది కాదు. బోల్టు.”

మిర్తా బండి అడుగును చూస్తూ పడుకుంది. అబద్ధం ఆడటానికి కూడా కొంచెం ఓపిక కావాలి.

“రెండేళ్ళు.”

వంటింట్లోంచి ఎల్విరా నవ్వు వినిపించింది.

“విప్పేటప్పుడల్లా మొండికేసేది,” అన్నాడు. “రెండు చేతులూ వేసి లాగాల్సొచ్చేది. చూశావా, ఇంకా ఎంత గట్టిగా బిగించగలుగుతున్నానో అనుకునేవాణ్ణి.” గొంతు తగ్గించి, “అక్కకి కూడా చెప్పాను,” అన్నాడు.

మిర్తా వాషరున్న చెయ్యి బండి కింద నుంచి బయటికి చాపింది. అతను వంగి తీసుకున్నాడు.

“ఇంజను ముఖం మీద వేలు పెట్టి చూశాను మిర్తా. తుడిచాను, వేలు పెట్టాను. నున్నగా ఉంది.”

“నున్నగా తగిలిందా?”

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది.

“ఏమీ తగల్లేదు. ఏమీ తగలకపోతే నున్నగా ఉన్నట్టే అనుకున్నా.”

మిర్తా తన ఏప్రాన్ అంచుతో ఇంజను ముఖం శుభ్రంగా తుడిచింది. కొత్త ఫిల్టరు వాషరుకు వేలితో నూనె రాసి, ఇంజను మరకు ఎక్కించింది. “చేత్తోనే బిగించు. పానా వాడకు,” అన్నాడు పైనుంచి. “అతుక్కున్నాక ముప్పావు చుట్టు.”

“తెలుసు.”

“తెలుసని తెలుసు.”

డబ్బాలో మిగిలిన నూనె అతను పోశాడు. రెండు చేతులతో డబ్బా పట్టుకుని, మోకాలు ఆనించి, నెమ్మదిగా. తర్వాత సీట్లో కూర్చుని ఇంజను వేశాడు. ఆమె కింద పడుకునే చూసింది. ఒక నిమిషం. ఐదు నిమిషాలు. “గేరు తీసి గట్టిగా తొక్కు,” అంది, తొక్కాడు. ఫిల్టరు అంచు పొడిగానే ఉంది. పది నిమిషాలయ్యాక ఆపమంది.

లేవడానికి అతను చెయ్యి ఇచ్చాడు. వేళ్ళు కాకుండా మణికట్టు పట్టుకుని లేచింది.

“నువ్వు చెప్పి ఉంటే బాగుండేది,” అన్నాడు.

“చెబితే ఒప్పుకునేవాడివా?”

“లేదు.”

“మరి?”

అతను ఆమె జుట్టులోంచి ఏదో తీసి పారేశాడు. పిండో, మట్టో.

న్యోకీలు కొంచెం ఎక్కువ ఉడికాయి. పిలిచే దాకా ఆగకుండా ఎల్విరా తానే నీళ్ళలో వేసేసింది. బల్ల సర్దడం ఇరవై తొమ్మిదిన ఒస్వాల్దో పని. ప్రతి పళ్ళెం కిందా ఒక నోటు పెట్టి, పైన పళ్ళెం ఒరగకుండా సరిచేస్తాడు. మిర్తా మోచేతుల దాకా మూడుసార్లు సబ్బు రాసుకుని వచ్చేసరికి అందరూ కూర్చున్నారు.

ఆమె పళ్ళెం కుదురుగా లేదు. ఫోర్కు గుచ్చినప్పుడల్లా ఒక పక్కకు ఒరుగుతోంది.

“అమ్మకి ఈ నెల చిల్లర నాణేలు పెట్టినట్టున్నాడు నాన్న,” అన్నాడు ఫాబియాన్.

“బల్లకి కీళ్ళనొప్పులు,” అంది ఎల్విరా. “ఈ ఇంట్లో అందరికీ వచ్చాయి, దానికి మాత్రం రావా.”

“అత్తా, నువ్వు వీటిని ఉడికించావా, నానబెట్టావా?”

“నోట్లో పళ్ళు లేని రోజు నా న్యోకీలే తలుచుకుంటావు. తిను.”

నోయెలియా కిటికీలోంచి మబ్బుకేసి చూస్తూ గబగబా తింటోంది. ఒస్వాల్దోకి వడ్డించింది వడ్డించినట్టే ఉంది. మిర్తా ఒరిగే పళ్ళాన్ని ఎడమ చేత్తో పట్టుకుని తింది. ఆకలిగా ఉంది. ఆకలికీ అలసటకీ తేడా తెలియనంత.

తినడం అయ్యాక అందరూ పళ్ళేలు ఎత్తి నోట్లు తీసుకున్నారు. మిర్తా తన పళ్ళెం ఎత్తింది. కింద చదరపు పానా ఉంది. దాని పిడికి ఉంగరంలా తొడిగి నల్లటి రబ్బరు వాషరు.

“ఏంటిది?” అన్నాడు ఫాబియాన్.

“వాషరు వదిలేశాను,” అన్నాడు ఒస్వాల్దో బల్లని చూస్తూ. “పాతది తియ్యకుండా కొత్తది బిగించేశాను. మీ అమ్మ చూసింది కాబట్టి సరిపోయింది. లేకపోతే మధ్యదారిలో నోయెలియా…” ఆగాడు. “బోల్టు కూడా రెండేళ్ళుగా బిగిస్తున్నది నేను కాదు. మీ అమ్మ.”

నోయెలియా ఫోర్కు కింద పెట్టింది. తల్లికేసి చూసిన చూపులో ఉన్నది కోపమో ఇంకేమిటో మిర్తాకు తెలియలేదు. రెండూ ఉండాల్సిందే అనుకుంది.

“అందుకేగా షాపుకి…” అని మొదలుపెట్టాడు ఫాబియాన్.

“నోరు మూసుకోరా,” అంది ఎల్విరా. మెల్లగానే అంది. తమ్ముడికేసి చూడలేదు. అతని పళ్ళెంలోకి ఇంకో గరిటె సాసు పోసింది.

“ఇక నుంచి ఆయిల్ మీ అమ్మ మారుస్తుంది,” అన్నాడు ఒస్వాల్దో. “నాకంటే బాగా చేస్తుంది. అందుకే పానా ఆమె పళ్ళెం కింద పెట్టాను.”

ఇవ్వాల్సిందంతా ఇచ్చేసినట్టు చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఎవరినీ ముట్టుకోనివ్వని పానా. అతను ఇవ్వగలిగిన వాటిలో అంతకంటే పెద్దది లేదని మిర్తాకు తెలుసు. పానాను చేతిలోకి తీసుకుంది. వడ్డనలో గరిటె చేతికిచ్చినట్టే బరువుగా, మామూలుగా ఉంది. నూట నలభై పళ్ళేలు, ఈ ఐదు పళ్ళేలు, ఇప్పుడిది.

వాషరును పిడి నుంచి తీసి ఏప్రాన్ జేబులో వేసుకుంది. పానాని బల్ల మీదుగా జరిపి నోయెలియా పళ్ళెం పక్కన పెట్టింది.

“నేను చెయ్యను,” అంది.

గొంతు పెంచలేదు. అయినా ఫాబియాన్ సోడా పోసుకోవడం ఆపాడు.

“బండి నడిపేది నోయెలియా. కిందికి దూరేదీ నోయెలియానే.”

“నాకేం వచ్చమ్మా?”

“నీకేం రాదు. మీ నాన్నకి వచ్చు. ఆయనకి వేళ్ళు సరిగా లేవు గానీ నోరు బానే ఉంది. పీట మీద కూర్చుని మాతే తాగుతూ చెబుతాడు. ఏది చూడాలి, ఏది తడమాలి, ఎన్ని చుట్లు తిప్పాలి, మొత్తం. నువ్వు తడిమి చెప్పు, ఆయన విని చెబుతాడు. షాపువాడికి ఫోను చేసి రావట్లేదని చెప్పు.”

ఒస్వాల్దో షాపు అన్న మాటకి కూతురి వైపు చూశాడు. నోయెలియా కళ్ళు దించుకుని, పానాని వేళ్ళ మధ్య తిప్పి చూసింది.

“ఫాబియాన్, నువ్వు రేపు ఓ తొట్టి కొనుక్కురా. పెద్దది. నీలం రంగుది మాత్రం వద్దు.”

“సరే.”

“వదినా, గిన్నెల సంగతి నువ్వు చూడు.”

ఎల్విరా అప్పటికే చేతులు పైకి మడుచుకుంటోంది.

మిర్తా బల్ల అంచు పట్టుకుని లేచింది. కాళ్ళు చెప్పుల్లో ఇరుక్కుపోయాయి, అక్కడే నిలబడి వాటిని విప్పేసింది.

“ఒస్వాల్దో, నా బేసిన్ ఇంకా షెడ్డులోనే ఉంది,” అంది. “నేను వెళ్ళి నడుం వాలుస్తున్నా. ఇవాళే కాదు. రోజూ మధ్యాహ్నం.”